పసుపుకు చోటు

ఏలూరు బజారులో వీరవెంకటరమణ గారి శుభలేఖల షాపులో గీతాంజలిది కంప్యూటర్ పని. బీఎస్సీ చదివింది. అక్షరాలు బొమ్మల్లా గీయడం చిన్ననాటి అలవాటు. ఆ చేతిరాతనే ఫాంటుగా మార్చాలని కలాన్ని వాలుగా పట్టి ఒక్కో అక్షరం రాసింది, స్కాన్ చేసింది, గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా కూర్చింది. తీగల్లాంటి పొడవాటి తోకలు పెట్టింది. ఎనిమిది నెలలు పట్టింది.

రమణ గారు చూసి, "బాగుందమ్మా. మొదటి ఆర్డరు వాళ్లు ఒప్పుకుంటే ఉంచుదాం. వద్దన్నారంటే మళ్లీ పాత ఫాంట్లే. తర్వాత నన్నడగొద్దు" అన్నారు.

మొదటి ఆర్డరు మండవల్లిలో చేపల చెరువుల రైతు కుటుంబానిది. మనవడు రాజకుమార్ పెళ్లి. ఆ ఇంట్లో శుభలేఖ నమూనా నాయనమ్మ అచ్చాయమ్మ గారు పైకి చదివి, నాలుగు మూలలా పసుపు పెట్టాకే అచ్చుకి వెళ్తుంది. గీతాంజలి నమూనా పట్టుకుని తనే బస్సెక్కింది.

అచ్చాయమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని రెండు వరుసలు చదివి ఆగిపోయారు.

"ఏవమ్మాయ్, పెళ్లికూతురి పేరు దాకా వచ్చాను. అక్కణ్ణించి పడవ కదలట్లేదు. అంతా గుర్రపుడెక్క అల్లుకుపోయింది."

"అది ముహూర్తమండీ."

"నువ్వు చెప్తే తెలిసింది. ఇంటింటికీ వెళ్లి చెప్పొస్తావా?"

పక్కనున్న కోడలు నవ్వు ఆపుకుంది. అచ్చాయమ్మ గారు వేలు పసుపులో ముంచి మూల మీదికి తెచ్చి అలాగే ఉంచారు. నాలుగు మూలల్లోనూ అక్షరాల తోకలు చుట్టలు తిరిగి ఉన్నాయి.

"పెడితే నీ తీగ పాడవుద్ది. పెట్టకపోతే శుభలేఖ కాదు. ఎక్కడ పెట్టమంటావు?"

గీతాంజలి నమూనా వెనక్కి తీసుకుంది. "రేపు మళ్లీ తెస్తానండీ" అంది.

"తీసుకురా. ముందు మజ్జిగ తాగు."

బస్సులో దారంతా అదే ఆలోచన. తన పెళ్లి కార్డుల మూలలకి కూడా పసుపు తనే పెట్టింది. అయినా కంప్యూటర్ తెర మీద మూలలు బోసిగా కనిపిస్తే నింపేసింది. పైగా తెర మీద అక్షరాలు అరచేయంత ఉండేవి. కార్డు మీద గోరంత.

ఆ సాయంత్రం షాపులోనే కూర్చుని తోకలు వధూవరుల పేర్లకే ఉంచింది. ముహూర్తానికీ, వేదికకీ అదే చేతిరాతలో తోకలు లేని అక్షరాలు గీసింది. మూలలు ఖాళీ చేసింది. ఇంటికెళ్లి మూడో తరగతి చదివే కూతురు హర్షిత చేత చదివించింది. పిల్ల ఒక్కచోటే తడబడింది. ఆ అక్షరం మళ్లీ దిద్దింది.

మర్నాడు అచ్చాయమ్మ గారు మొదటినుంచి చివరిదాకా చదివారు. మనవడి పేరు దగ్గర మాత్రం ఆగారు.

"వీడి పేరుకి ఇంత సోకా?"

"పెళ్లికొడుకు కదండీ."

"సర్లే."

బొటనవేలితో పసుపు పెట్టారు. నాలుగో మూలలో కాస్త అక్షరానికి అంటింది. గీతాంజలి బ్యాగులోంచి స్కేలు తీసి ఆ మరక వెడల్పు కొలిచి రాసుకుంది.

బయటికొచ్చి రమణ గారికి ఫోన్ చేసింది. "పసుపు పెట్టారండీ."

"అయితే ఉంచెయ్యమ్మా" అన్నారాయన.

ఆ ఫాంటుతో వేసే కార్డులన్నిటికీ మూలల్లో గీతాంజలి ఇప్పటికీ ఆ మరక కొలతంత ఖాళీ వదులుతుంది.