టీచరమ్మ మిషన్, టీచరమ్మ సిరా

మా టీచరమ్మ పోయిందన్న కబురు నేను జాకెట్టుకి కాజాలు కుడుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆమె చెల్లెలి కొడుకు. నెల్లూరు ఆసుపత్రిలో పొద్దున్నే కాఫీ అడిగిందట, అది వచ్చేలోపే వెళ్ళిపోయిందట. "అక్కా, పెద్దమ్మ పోయింది" అన్నాడు. సూది గుడ్డలోనే గుచ్చి, లేచి, పక్కనే ఉన్న ఆమె షాపు షట్టరు వైపు చూశాను. ఏడుపు తర్వాత వచ్చింది. మొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారో తిడతారో గాని, చెప్పేస్తాను. అయ్యో, ఇప్పుడీమె కార్డు ఎవరు వేస్తారు?

తిట్టేముందు మా పద్ధతి వినండి. మా సంఘంలో ఎవరైనా ప్రభువు దగ్గరికి వెళితే, భూస్థాపన అయిన కొన్నాళ్ళకు ఆదరణ కూడిక పెడతాం. వచ్చినవాళ్ళందరికీ ఒక చిన్న కార్డు ఇస్తాం. ముందువైపు పోయినవారి ఫొటో, వెనక వాళ్ళకు ఇష్టమైన వాక్యం, ఆ రోజు పాడే పాట. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి బైబిల్లో దాచుకుంటాం. నా బైబిలు ఇప్పుడు మూత పడదు. అందులో ఉన్న మా మైపాడు వాళ్ళందరూ టీచరమ్మ ప్రింటర్లోంచి వచ్చినవాళ్ళే. ఆమె నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు: "ఏమే, నా కార్డు మాత్రం నా మిషన్లోనే రావాల. బయట వేయిస్తిరా, పెట్టెలోంచి లేచొస్తా!" లేచొస్తుంది కూడా, ఆమె సంగతి నాకు తెలుసు. నా భయమదీ.

ఆమె ఒకప్పుడు కావలిలో టైపు నేర్పేది. ఆ చదువుకి గిరాకీ పోయాక టైపు మిషన్లు అమ్మేసి మా ఊరొచ్చి, బస్సులు తిరిగే చోట నా కుట్టు షాపు పక్కన చిన్న గది తీసుకుంది. ఒక కంప్యూటరు, జిరాక్సూ స్కానింగూ ప్రింటింగూ అన్నీ చేసే ఒక రంగుల ప్రింటరు. మా రెండు షాపుల మధ్య గోడ సగమే ఉంటుంది. పైసగం ఎందుకు కట్టలేదో ఇంటి ఓనరుకే తెలియాలి. ఆ సగం గోడ మీదుగా మేము మాట్లాడుకోని సంగతి లేదు. సముద్రం దగ్గర కదా, ఉప్పు గాలికి నా సూదులే తుప్పు పడతాయి. ఆ ప్రింటరు పాడవకూడదని నా చేత దానికి ముసుగు కుట్టించుకుంది. కొలతలు తీసుకుంటుంటే పక్కన నిలబడి, "చంక దగ్గర బిగుతు చేయబాక, దానికి ఊపిరాడాల" అన్నది. ఇట్లాంటి మనిషి.

సిరా అయిపోతే కంపెనీ డబ్బా కొనేది కాదు. నెల్లూరు నుంచి సీసాల్లో సిరా తెప్పించి, సూది సిరంజితో పాత డబ్బాల్లోనే నింపేది. నింపేటప్పుడు నాలిక పళ్ళ మధ్య పెట్టుకునేది, పసిపిల్లకు చుక్కల మందు వేస్తున్నట్టు. ఎంత జాగ్రత్త పడ్డా వేళ్ళకు రంగు అంటుకునేది. గులాబీ, నీలం, పసుపు. సబ్బుకు పోయేది కాదు. ప్రభువు బల్ల దగ్గర ఆ రంగు వేళ్ళతోనే చెయ్యి చాపేది, పాస్టరు గారు ఆ అరచేతిలో రొట్టె పెట్టేవారు. ఒకసారి నేను, "కనీసం ఆదివారమన్నా వేళ్ళు తోముకోరాదా టీచరమ్మా" అంటే, "దేవుడికి తెలీదా ఏందే నేనేం పని చేస్తానో" అని నన్నే కసిరింది.

కార్డు వేసేటప్పుడు ఆమెకొక అలవాటు. మొదటి కాగితం బయటికి వచ్చేదాకా కుర్చీలో కూర్చునేది కాదు. అది రాగానే అంచులు పట్టుకుని, తడి ఆరేలా ఊది, ఆ ముఖంలోకి చూసి, "ఊఁ, వచ్చినాడు" అనేది. ఆడమనిషైతే "వచ్చింది." పోయినవాళ్ళ గురించి ఎవరైనా 'పోయాడు' అనే అంటారు గదా. ఈమె ఒక్కతే వచ్చినాడు అనేది.

ఇక ఆ ప్రింటరుకు వచ్చిన అప్‌డేట్ సంగతి చెప్పాలి. మా పాస్టరు గారు బంగారం లాంటి మనిషి. ఆయనతో ఒకటే చిక్కు, ఎవరేమడిగినా కాదనలేరు. పెళ్ళికి రమ్మన్నా సరే, పంచాయితీకి రమ్మన్నా సరే, ఒకే రోజు రెండు ఊళ్ళలో ప్రార్థనకు పిలిచినా సరే. ఒక రోజు సాయంత్రం టీచరమ్మ టీ తాగడానికి వెళితే, ఆయన వచ్చి తన ఫోన్లోంచి కంప్యూటరుకు నెట్ పెట్టి ఆదివారం పాటల కాగితం తీసుకోబోయారు. ప్రింటరుకు కొత్త మార్పులు వచ్చాయి, ఎక్కించమంటారా అని తెర మీద అడిగింది. మనుషులకే కాదనని మనిషి, మిషనుకు అంటారా? సరే అని నొక్కేశారు.

మర్నాడు పొద్దున ప్రింటరు మొండికేసింది. ఈ సిరా మా కంపెనీది కాదు కాబట్టి పని చేయను అని రాసి చూపించింది. అంతకు ముందు రోజు దాకా ఆ సిరాతోనే నడిచిన మిషను! సరే, ప్రింటు వద్దులే, స్కానన్నా చేద్దామంటే అదీ చేయనన్నది. "స్కాన్ చేయడానికి సిరా ఎందుకే దీనికి?" అని టీచరమ్మ సగం గోడ మీదుగా నన్నడిగింది. నాకేం తెలుసు? నా కుట్టు మిషను ఏ దారం పెట్టినా కుడుతుంది. దారపుకండె మీద పేరు చదివి సూది ఆగిపోవడం నేను పుట్టి ఎరగను. ఆ మాటే అంటే, "ఉండు, రేపు నీ మిషనుకీ నెట్ పెడతారు, అప్పుడు నీ రోగం కుదురుతుంది" అన్నది. కోపంలో కూడా ఎగతాళి మానదు.

కంపెనీకి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది కాబట్టి నేనూ విన్నాను. అవతల అబ్బాయి టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడాడు.

"మేడమ్, ఇది మీ ప్రింటరు మేలు కోసమే చేసిన మార్పు. వేరే సిరా వాడితే ప్రింటరు పాడవుతుంది."

"ఇన్నేళ్ళూ పాడు కాలేదు నాయనా. నిన్న నువ్వు మేలు చేసినాకనే పాడయింది. సరే, మిషను ఎవరిది?"

"మీదే మేడమ్."

"సిరా?"

"అదీ మీదే మేడమ్."

"మరి మధ్యలో నువ్వెవరు?"

అవతల కీబోర్డు టకటకమంది. తర్వాత, "మీకు ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?" అన్నాడు.

"ముందు చేసిన సహాయం వెనక్కి తీసుకో నాయనా, చాలు." అని, ఫోన్ పెట్టేయబోయి, "అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆ పిల్లాడు నీరుగారిపోయి, "ఇంకా లేదండీ" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం మామూలుగా మాట్లాడాడు.

సరిగ్గా ఆ రోజు సాయంత్రమే మా ఊళ్ళో ఒకాయనకు ఆదరణ కూడిక. వేటకు వెళ్ళే మనిషి, జబ్బు చేసి పోయాడు. ఆయన భార్య మధ్యాహ్నం కార్డుల కోసం వచ్చింది. సంగతి చెబితే గుమ్మంలోనే కూలబడింది. "ఆయన ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉండాది టీచరమ్మా. పిల్లోళ్ళు తలా ఒకటి దాచుకుంటామంటాండారు. ఎట్టా?"

నేను గోడ మీదుగా, "నెల్లూర్లో ఏదో ఒక షాపులో వేయిద్దాం, పోనీ కంపెనీ డబ్బానే కొనుక్కొద్దాం" అన్నాను. టీచరమ్మ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

"మిషనుండాది. సిరా ఉండాది. కాయితం ఉండాది. ఏం లేదో చెప్పవే? వాడి దయ లేదు, అంతే గదా! నా ఇంట్లో నా పొయ్యిలో ఎవరి కట్టెలు పెట్టాలో పొయ్యి చేసినోడు చెప్తాడా?"

ఆమెను అట్లా నేనెప్పుడూ చూడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగరు కాదు అది. తన చేతిలోంచి ఎవరో ఏదో గుంజుకున్నారు, అదీ చెప్పకుండా. ఆ బాధ నాకప్పుడు అర్థమైంది.

ప్రింటరుకు ముసుగు తొడిగి, ఆ ఫొటో సంచిలో వేసుకుని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని నెల్లూరు బయల్దేరింది. జ్వరం వచ్చిన బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళినట్టే ఉంది. అక్కడ ఆమెకు తెలిసిన రిపేరు ఆయన ఒకాయన ఉన్నాడు. ఎక్కిన కొత్తదాన్ని తీసేసి పాతదే మళ్ళీ ఎక్కించడానికి చూస్తానన్నాడు, టైము పడుతుందన్నాడు.

ఇక్కడ కూడిక మొదలైపోయింది. టీచరమ్మ రాలేదు. పాస్టరు గారికి విషయం తెలిసి ముఖం పాలిపోయింది. ఆ రోజు ఆయన చేసినంత పొడుగు ప్రార్థన నా జన్మలో వినలేదు. మా ఊరి కోసం, జిల్లా కోసం, దేశం కోసం, సముద్రంలో ఉన్న పడవలన్నిటి కోసం. ఆ తర్వాత ఇంకో పాట. ఆ తర్వాత ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా అని. చంటిపిల్లలు ఏడుస్తున్నారు, ముసలాయన ఒకాయన గురక పెడుతున్నాడు. ఎట్టకేలకు ఆటో చప్పుడైంది. టీచరమ్మ జుట్టంతా రేగిపోయి, కార్డుల కట్ట గుండెలకు అదుముకుని దిగింది. ఆ రిపేరు షాపులోనే వేసుకొచ్చింది, తన మిషన్లోనే, తన సిరాతోనే. పైన ఉన్న కార్డు తీసి ఊది, ఆ భార్య చేతిలో పెట్టి, "వచ్చినాడమ్మా" అన్నది. పాస్టరు గారు ఆమెన్ అన్నారు. అందరం అన్నాం.

మర్నాడే ప్రింటరు నెత్తిన ఒక కాగితం అంటించింది. 'నెట్ తగిలించరాదు. ఏమడిగినా సరే అనరాదు. పాస్టరు గారితో సహా.' ఆయన అది చదివి కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడు ఆమె వంతు వచ్చింది. చెల్లెలి కొడుకు నాయుడుపేటలో ఉద్యోగం. మంచి పిల్లాడు, పెద్దమ్మంటే ప్రాణం. నెల్లూర్లో మెరిసే కాగితం మీద వేయిద్దాం అక్కా అన్నాడు. కుదరదన్నాను. నాయనా, లేచొస్తుంది అన్నాను. ముగ్గురం షట్టరు ఎత్తాం, ఆ పిల్లాడు, పాస్టరు గారు, నేను. సిరా అయిపోయి ఉంది. సిరంజి నేనే తీసుకున్నాను. ఇన్నాళ్ళూ గోడ మీదుగా చూసిన పనే, అయినా మొదటి డబ్బాలో పోయాల్సింది సగం బయటే పోశాను. నా వేళ్ళన్నీ రంగులయ్యాయి.

ఆమె ఫొటో పిల్లాడి ఫోన్లో ఉంది. దాన్ని తీసుకోవడానికి కంప్యూటరుకు నెట్ పెట్టేశాడు. వెనక్కి మడిచిన ముసుగు పడి ఆ కాగితం కనపడలేదు వాడికి. తెర మీద వెంటనే అదే ప్రశ్న. కొత్త మార్పులు వచ్చాయి, ఎక్కించమంటారా? పిల్లాడి వేలు కదిలింది.

"వద్దు!"

పాస్టరు గారు వాడి మణికట్టు పట్టుకున్నారు. అంత గట్టిగా ఆయన ఎవరితోనూ అనగా నేను వినలేదు. పిల్లాడు బిత్తరపోయాడు. ఆయన గొంతు తగ్గించి, "వద్దు బాబూ. మీ పెద్దమ్మది అది. ఆమె వద్దన్నది" అన్నారు. నెట్ తీసేశాం. ప్రింటు కొట్టాం. మిషను కాస్త మూలిగి, కదిలింది.

కాగితం అంచులు పట్టుకుని బయటికి తీశాను. టీచరమ్మ, కళ్ళజోడు ముక్కు మీదికి జారి, నన్నేదో అనబోతున్నట్టే ఉంది. తడి ఆరేలా ఊదాను. అక్కడ ఆ మాట అనేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేనే అన్నాను. "వచ్చింది."

ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళాను. ఎంత తోమినా రంగు పోలేదు. సిగ్గుపడుతూనే చెయ్యి చాపాను. పాస్టరు గారు రొట్టె పట్టుకుని, ఆ గులాబీ వేళ్ళనూ నీలం వేళ్ళనూ చూస్తూ ఒక్క క్షణం ఆగిపోయారు. తర్వాత నా అరచేతిలో పెట్టారు.