నడిమి పేజీ

ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే ముత్తెమ్మకు పైమెరుపు మీద నమ్మకం లేదు. ఎవరేమన్నా సరే, అనుమానమొచ్చిన కొమ్మును నడిమికి విరిచి లోపలి రంగు చూడందే కుప్పలో వేయదు. గ్రంథాలయంవాళ్లు పెట్టిన చలికాలం పుస్తకాలు చదివే పోటీలోనూ ఆమెది అదే పద్ధతి. ఐదు ప్రేమ నవలలు చదవాలి. నాలుగయ్యాయి. ఐదోది ఈరోజు తీసుకోకపోతే పేరు కొట్టేస్తారు. అయినా ముత్తెమ్మ తొందరపడలేదు. పసుపంటిన వేళ్లతో ఒక్కో నవలనూ నడిమికి తెరిచి, హీరో కోపమొస్తే ఎట్లా మాట్లాడుతున్నాడో చదివి, మూతి తిప్పి పక్కన పెట్టేస్తోంది. అట్లా పదకొండు మంది హీరోలు పోయారు.

"పెద్దమ్మా, నవల తీస్కపోతున్నవా, పిల్లగాన్ని చూస్తున్నవా?" అంది పుస్తకాలిచ్చే దివ్యశ్రీ నవ్వుతూ.

"నన్నిచ్చినప్పుడు మా నాయిన గిట్ల చూడలే బిడ్డా."

పన్నెండో నవల నడుమ, జ్వరంతో పడుకున్న భార్యకు హీరో జావ కాచి తాగించి, గిన్నె కూడా కడుగుతున్నాడు. ముత్తెమ్మ కళ్లు చిన్నవయ్యాయి. ఇంత చేసినవాడు తెల్లారి ఏం అడిగాడోనని పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. వాడేమీ అడగలేదు.

"గిది రాసింది మొగోడా, ఆడామెనా?"

"ఆడామెనే. ఎందుకే?"

ముత్తెమ్మ రిజిస్టరు దగ్గరకు లాక్కొని మెల్లగా సంతకం పెట్టింది.

"మొగోడు రాస్తే కోతలు కోసిండనుకుందు. ఆడామె రాసిందంటే, గసొంటోన్ని ఏడనో ఒక్కన్నన్న చూసే ఉంటది."