జింకల చెల్క ధర

భూములు చూసి ధర కట్టే గిర్దావర్ మన్సూర్ సాబ్‌కు కోపం ముక్కుమీదనే ఉంటుండె. మెదక్ కచేరీల ఆయన కేకేస్తే చప్రాసి చేతిల చాయ్ ఒలికిపోతుండె. గసుంటి మనిషి ఒక్క చెల్క కోసం ఏడాదంతా పెద్దాఫీసర్లను బతిమిలాడిండు. ఎల్దుర్తి తొవ్వల అమరేందర్ రెడ్డి పటేల్‌కున్న తుప్పల చెల్క అది. జింకలు ఈనేది గాడ్నే. సర్కార్ దాన్ని కొని, ఉన్నదున్నట్టు కాపాడాలని ఆయన పట్టు. ఆఖరికి మంజూరైంది.

ధర కట్టనీకి పొద్దుగాల్నే సైకిలేసుకొని పోయిండు. చూస్తే ఒక్క తుప్ప లేదు, చెట్టు లేదు. చెల్కంతా నాగలి సాళ్లే. గట్టు మీద కట్టెల మోపులు. పటేల్ నవ్వుకుంట ఎదురొచ్చిండు.

"సర్కార్ కొంటదని ఎర్కైంది సాబ్. బీడుకు ఏం ధరొస్తది? అందుకే దున్నిచ్చిన. జర మంచిగ రాయుండ్రి."

"దిమాగ్ ఉన్నదా పటేలా? సర్కార్ కొనేదే ఆ తుప్పల కోసం!" మన్సూర్ సాబ్ మెడనరాలు ఉబ్బేటట్టు అరిసిండు.

"గట్లెట్ల సాబ్? పోయినేడు మా తమ్ముని తుప్పల భూమిని బీడని మీరే తక్కువ కడితిరి గద."

మన్సూర్ సాబ్ సంచిలకెళ్లి ధర రాసే కాయిదం తీసిండు. బీడుకు తక్కువ, సాగుకు ఎక్కువ. నౌకరీల చేరిన సంది ఆయన రాసిందదే. కలం మూత తీసి, జింకలు లేని చెల్కకు ఎక్కువ ధర రాసిండు.