తాళం లేని బీరువా

హనుమకొండలో నా అద్దె గదిలో ఒక బీరువా ఉండేది. దానికి తాళం వేయకూడదన్నది నేనూ నా మిత్రుడూ పెట్టుకున్న నియమం. డెబ్బైల చివర్లో నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. నా మిత్రుడు అక్కడే నాకంటే సీనియర్. ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. సెలవొస్తే సైకిళ్ల మీద ఊళ్లు తిరిగి, ఎక్కడా అచ్చుకాని శాసనాలకు నకళ్లు తీసేవాళ్లం. రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దితే అక్షరాలు తెల్లగా తేలేవి. ఆ నకళ్లన్నీ బీరువాలో పెట్టేవాళ్లం. ఎవరొచ్చినా తెరిచి చూసుకోవచ్చు, రాసుకోవచ్చు. పైసా ఇవ్వక్కర్లేదు.

"మన పేర్లు రాయొద్దు తమ్మీ. ఊరి పేరు చాలు. ఇవి అందరియి," అన్నాడు అన్న. ఆ మాటకు నేను పొంగిపోయాను. ప్రతి కాగితం వెనకా ఊరి పేరే రాశాను.

నర్సంపేట దగ్గర ఒక రైతు చేనుగట్టు మీద అలాంటి శాసనం రాయి ఉంది. తాతల నాటి నుంచి పసుపు పూసి మొక్కుతున్నారు. పసుపు కడగనివ్వనన్నాడు. కడగందే నకలు రాదు. "ఎప్పుడచ్చినా కాయితం సూపెడ్తం," అని అన్న ఆయన చేయి పట్టుకుని మాటిచ్చాడు. అప్పుడు ఆ రైతే నీళ్లు తెచ్చి రాయి కడిగాడు.

ఎనభైల్లో అన్నకు పెద్ద ఉద్యోగం వచ్చింది. "అన్నిటికి మైక్రోఫిల్మ్ తీపిస్త తమ్మీ. ఎవలన్న పైస లేకుండ ముఫత్‌ల సూడొచ్చు," అని బీరువాతో సహా తీసుకెళ్లాడు. రిక్షా మీదికి నేనే ఎత్తించాను.

తర్వాత ఆ చేను మీదుగా రోడ్డు పడింది. రాయిని పగలగొట్టి, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ కట్టడానికి వాడేశారు. రైతు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"రాయి పాయె సారూ. జర ఆ కాయితమన్న సూపెట్టుండ్రి."

అదెంత పని అనుకుని అన్న ఆఫీసుకు తీసుకెళ్లాను. బీరువా ఆయన కుర్చీ వెనకే ఉంది. తాళం వేసి ఉంది.

"నా బుక్కు అచ్చయ్యేదాక ఎవలకు సూపియ్య," అన్నాడు.

"ఇవి అందరియి అంటివి గదనే అన్నా!"

"నీ పేరేమన్న ఉన్నదా వాటి మీద?" అని నవ్వాడు.

ఒళ్లు మండిపోయింది. పేర్లు వద్దన్నది ఆయనే. నమ్మించి గొంతు కోశాడు. ఇంతకంటే మర్యాదైన మాట నాకిప్పటికీ దొరకలేదు. ఆ పుస్తకం కూడా రానే లేదు.

రైతును బస్టాండు దాకా దిగబెట్టాను. బస్సెక్కబోతూ నా వైపు తిరిగాడు.

"మా తాత పూసిన పసుపు సారూ. మీ మాట మీద నా చేతులతోని కడిగితి," అన్నాడు.