విన్నాకే సంతకం

గాంధీ జయంతి నాడు ఉదయం ఏడున్నరకు తిరువళ్లూరులో తిరుత్తణి లోకల్ రైలెక్కాను. మా మేనత్త రాజమ్మ ఊళ్లో ఆ రోజు గ్రామసభ. ఆ ఊరికి రేషన్ అంగడి లేదు. ఏరు దాటి పక్క ఊరికి పోవాలి. వానలు పడితే మోకాలి లోతు నీళ్లలో బియ్యం మూట నెత్తిన పెట్టుకుని రావాలి. పోయినసారి సభలో అందరూ అంగడి కావాలని అడిగారట, తీర్మానాల్లో మాత్రం ఆ మాటే లేదట. అందుకే అత్త ఈసారి నన్ను తోడు రమ్మంది.

తిరుత్తణిలో రెండు ఇడ్లీలు తిని తొమ్మిదికి పొదటూరుపేట బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేని బస్సు. పక్క సీట్లో పూలబుట్టతో కూర్చున్నామె, గ్రామసభకని చెబితే నవ్వేసింది.

"మా ఊర్లోనూ జరగతాది. పోతాము, సంతకం పెడతాము, వచ్చేస్తాము. ఏం రాసుకుంటారో ఎవురికి తెలుసు?"

పదిన్నరకు బడి వరండాలో సభ. గుమ్మం దగ్గరే బల్ల మీద హాజరు పుస్తకం. పంచాయతీ సెక్రెటరీ వినయంగా పెన్ను అందించాడు. ఆఫీసులో రోజూ చేసే పనే కదా అని నేనూ వంగాను. అత్త నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"నీకీడ ఓటే లేదు, సంతకమేంది మే? మేమూ ఇప్పుడు పెట్టము. తీర్మానం రాసి చదివినాకే పెడతాము."

వెనకున్న ఆడవాళ్లంతా ఆమెతో పాటు చాప మీద కూర్చున్నారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"సంతకాలు చాలకపోతే సభే చెల్లదక్కా" అన్నాడు సెక్రెటరీ.

"తెలుసు నాయనా. మేము యాడికీ పోము, నువ్వు రాయి."

ప్రెసిడెంటు నడివయసు రైతు. "రాయప్పా, వాళ్లు అడిగేది న్యాయమే కదా" అన్నాడు. సెక్రెటరీ అంగడి తీర్మానాన్ని అరవంలో రాసి చదివాడు, ప్రెసిడెంటు దాన్నే తెలుగులో చెప్పాడు.

"ఏట్లో నీళ్ల సంగతి రాసినారా?" అంది అత్త. రాయలేదు. ఆ వాక్యం చేర్చి మళ్లీ చదివాక, తెలుగులో తన మూడక్షరాలూ నిదానంగా దిద్దింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో! ఆ పేజీని నా ఫోన్లో ఫోటో కూడా తీయించింది.

అత్త ఇంట్లో అన్నం, పప్పుచారు తిని రెండున్నర బస్సుకు బయల్దేరాను. సాగనంపడానికి వచ్చిన అత్త, బస్టాపులో ఫోటో చూసి చదవమంది. చదివాను. బస్సు వచ్చింది. "ఇంగోసారి చదువు" అంది. చదివేసరికి బస్సు వెళ్లిపోయింది.

గంట ఆగి ఇంకో బస్సు పట్టుకుని, ఐదున్నరకు తిరుత్తణిలో రైలెక్కాను. కాగితం పైకి వెళ్లాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి. అయినా నాకు ఆశగానే ఉంది. తిరువళ్లూరు చేరేలోపే అత్త ఫోన్ చేసింది.

"ఆ ఫోటో చెరపొద్దు మే. వచ్చే సభలో మొదట దాన్నే చదివిద్దాము."