బాపుకు తెచ్చిన అంబలి ముంత

నాకు ఊహ తెలిసేసరికే మా ఇంట్లో పొద్దున అంటే తైదంబలి... మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో రాగులను తైదలు అంటాం. రాత్రి కుండలో కలిపిన పిండి తెల్లారేసరికి పులిసేది. మా అమ్మ, మేం అవ్వ అంటాం, దాన్ని కాచి, ఉప్పేసి, మజ్జిగ పోసి, ఉల్లిగడ్డ ముక్కతో ఇచ్చేది.

వాకిట్లోకి ఎవరొచ్చినా బాపు, అంటే మా నాన్న, మొదట అంబలి ముంత చేతికిచ్చేవాడు. ఎవరింటికి పోయినా వాళ్లిచ్చింది తాగాకే లేచేవాడు. "వద్దంటే మనసు కష్టపెట్టుకుంటరు బిడ్డా" అనేవాడు.

ఆ బాపుకే ఇప్పుడు డయాలసిస్... పొద్దున ఏం పెట్టాలని అడిగితే డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఈయనకు అంబలి వద్దు. రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ ఇప్పటికే ఎక్కువున్నయి. తాగే నీళ్లకే లెక్కుంది. ఉప్పు తగ్గించి కొంచెం రవ్వ ఉప్మా పెట్టండి" అంది.

చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. వింటే కదా! నేను ఇంట్లో లేనప్పుడు పక్కింటి రాజవ్వత్త ముంతతో రానే వచ్చింది. "డాక్టర్లకేం ఎరుక అన్నా? ఫోన్ల జూసిన, తైదలు కిడ్నీలను కడుగుతయట. జర తాగు" అందట. బాపు వద్దనలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ వద్దని చెప్పనివాడు, ఈమెకు చెప్తాడా? రోజూ వచ్చింది ఆ ముంత... రోజూ తాగాడు.

ఆ వారమే కాళ్లూ చేతులూ సత్తువ లేకుండా అయిపోయాయి. గుండె తప్పి కొట్టుకుంటుంటే కరీంనగర్ ఆస్పత్రికి ఉరికించాం. పొటాషియం అంత పెరిగిందట. "ఇంకొంచెం ఆలస్యమైతే..." అని డాక్టరమ్మ ఆగిపోయింది. అప్పుడే బాపు ముంత సంగతి బయటపెట్టాడు.

ఇంటికొచ్చిన మర్నాడు మళ్లీ అదే ముంత! నాకు ఒళ్లు మండిపోయింది.

"మా బాపును సంపుతవా అత్తా?"

"గదేంది బిడ్డా! మన తాతలు తాగలేదా?"

"తాతలకు కిడ్నీలు పనిచేసినయి! మా బాపుయి పనిచేస్తలేవు!"

వాడకంతా వినపడేలా అరిచి, అంబలి మోరీలో పారబోశాను. రాజవ్వత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. పెట్టుకోనీ అనుకున్నాను. ఆమె మీదా, ఫోన్లో నోటికొచ్చింది వాగినవాడి మీదా, వద్దనడం చేతకాని బాపు మీదా ఇప్పటికీ నా కోపం చల్లారలేదు.

ముంత ఆమె చేతిలో పెట్టబోతుంటే మంచం మీంచి బాపు పిలిచాడు. "బిడ్డా, ముంత ఉత్తగ పంపకు." మా ఇంటి నుంచి ఎవరి గిన్నె కూడా ఖాళీగా వెళ్లింది లేదు. పళ్లు కొరుక్కుంటూనే దోసెడు పెసర్లు పోసి ఇచ్చాను.

అప్పుడు బాపు ఆమెతో అన్నాడు... "చెల్లె, ఇగ అంబలి తేకు. నాకు పడ్తలేదు. నువ్వు మాత్రం రోజూ వచ్చి కూసో."

బాపు నోట 'వద్దు' వినడం అదే మొదటిసారి.

ముంత నిండా పోసివ్వడమే ప్రేమ అనుకుంటూ పెరిగాం మనమంతా. మీ ఇంట్లో పొద్దుటి తిండి ఏది? అది ఇప్పుడు ఎవరికి ఆగిపోయింది? చెప్పండి... ఇట్లాంటి మనిషిని చూడ్డానికి వెళ్తే మాత్రం, మీకు దండం పెడతాను, ఉత్త చేతులతో వెళ్లండి. కాసేపు పక్కన కూర్చోండి చాలు.