సూది వేసే ముందు

ఈ ఉదయం ఆంపిసిలిన్ పొడి ఉన్న సీసాలోకి నీళ్లు ఎక్కించగానే ముక్కిపోయినట్టుండే ఆ వాసన గుప్పుమంది. నారాయణగూడలోని ఈ ఆసుపత్రిలో నేను రోజూ పీల్చే వాసనే. ఇవాళ ఎందుకో దానితోపాటు సులోచన సిస్టర్ గుర్తొచ్చారు. నర్సింగ్ పుస్తకాల్లో చదివాను కానీ, మనిషికి మందు ఇవ్వడం నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. చిక్కడపల్లి సందులో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరాను. అక్కడ సిస్టరే అందరికంటే సీనియర్. పొట్టి మనిషి, నెమ్మదిగా నడిచేవారు, అంతకంటే నెమ్మదిగా మాట్లాడేవారు. అయితే ఒకసారి కాదన్నారంటే ఇక కాదనే.

చేరిన రెండో వారంలో ఎల్లయ్య వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో అపార్టుమెంట్ పనిలో ఉన్న మేస్త్రీ. ఇనుప చువ్వ గీసుకుని కాలు చీము పట్టింది, ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు ఆంపిసిలిన్ రాశారు. "అలర్జీ ఏమైనా ఉందా?" అని అడిగాను. "ఏం లేదమ్మ" అన్నాడు. లేదని రాసుకుని మందు కలిపాను. సిరంజి పైకెత్తేసరికి సిస్టర్ వచ్చి, దాన్ని నా చేతిలోంచి తీసుకుని ట్రేలో పెట్టి, మంచం అంచున కూర్చున్నారు.

"ఎల్లయ్యా, ఎప్పుడన్న సూదో గోలీనో తీస్కున్నంక దద్దుర్లు లేసినయా? మొకం ఉబ్బిందా? దమ్ము ఆడకుంట అయిందా?"

అతను ఆలోచిస్తుంటే పక్కనున్న అతని భార్య బాలమ్మ అందుకుంది. "పోయినేడు ఊర్ల జ్వరమొస్తె ఆర్ఎంపీ సూదేసిండు సిస్టర్. పెదవులు గింత ఉబ్బినయి. ఊపిరాడక కింద వడ్డడు."

సిస్టర్ బాలమ్మ దగ్గర నంబరు తీసుకుని ఆ ఆర్ఎంపీకి ఫోన్ చేయించారు. ఆ రోజు వేసింది పెన్సిలిన్. నేను కలిపింది అదే జాతి మందు.

అప్పటికే డాక్టరు ఓపీ రద్దీలో ఉన్నారు. విషయం చెప్తే విసుక్కున్నారు. "ఆర్ఎంపీ మాటలు పట్టుకుంటామా? టెస్ట్ డోస్ చూసి ఇచ్చేయండి."

"నేనియ్యను సార్. ఇంకెవ్వరినీ ఇయ్యనియ్యను. మీరొచ్చి జర ఆమె చెప్పేది వినుండ్రి" అన్నారు సిస్టర్. గొంతు పెంచలేదు, అక్కడినుంచి కదలనూ లేదు. చివరికి డాక్టరు లేచి వచ్చి, బాలమ్మ చెప్పిందంతా విని, చీటీలో ఆ మందు పేరు కొట్టేసి వేరే జాతి మందు రాశారు.

"నేను అడిగాను కదా సిస్టర్" అన్నాను తర్వాత, ఏడుపు ఆపుకుంటూ.

"అడిగినవ్ బిడ్డ. నీ మాటల్ల అడిగినవ్. ఆయన మాటల్ల అడగాలె."

ఇంటికి పంపేటప్పుడు అతనికి వారం రోజుల మాత్రలు ఇచ్చాం. మూడో రోజు డ్యూటీ దిగాక సిస్టర్ నన్ను వెంటబెట్టుకుని అశోక్‌నగర్ నడిపించారు. ఎల్లయ్య గోడ కడుతూ కనిపించాడు. జ్వరం తగ్గిందని మాత్రలు ఆపేశాడు. "మిగిలినయి దాసిన సిస్టర్. మా ఆమెకు దగ్గొస్తె పనికొస్తయి" అన్నాడు. సిస్టర్ కోప్పడలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతోందట. పొద్దున తిన్నాక ఒకటి, రాత్రి తిన్నాక ఒకటి అని చెప్పి, అతని చేతనే తిరిగి చెప్పించారు. మాత్రలు అయిపోయేదాకా రోజు విడిచి రోజు వెళ్లి చూసొచ్చారు. కాలు పూర్తిగా మానింది.

తర్వాత కొన్నేళ్లకు నేను నారాయణగూడకు మారాను. సిస్టర్ పని మానేసి బర్కత్‌పురలో తమ్ముడింట్లో ఉన్నారు. ఒకరోజు అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదివే అమ్మాయికి ఆంపిసిలిన్ ఇంజెక్షన్ ఇచ్చాను. అన్నీ అడిగాను, ఆమె మాటల్లోనే అడిగాను. అంతకుముందు ఏ మందుతోనూ ఏమీ కాలేదంది. ఇచ్చాక కూడా, సిస్టర్ అలవాటు చేసినట్టే, పక్కనే నిలబడ్డాను. మూడు నిమిషాలకు "అక్కా, గొంతు దురద పెడుతున్నది" అంది. చూస్తుండగానే మెడ ఎర్రబడి, మాట బొంగురుపోయింది. డాక్టరును కేకేసి, రియాక్షన్‌ను ఆపడానికి సిద్ధంగా పెట్టుకున్న అడ్రినలిన్ సూది తొడకు ఇచ్చాం. కాళ్ల కింద దిండ్లు పెట్టి, ఆక్సిజన్ తగిలించాను. ఆమె మామూలుగా ఊపిరి తీసుకునేదాకా పక్కనుంచి కదల్లేదు.

మర్నాడు సిస్టర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"ఆ మందు పేరు ఆ పిల్లకు తెల్సా?" అని అడిగారు.

"కేసు షీట్లో రాశాను సిస్టర్."

"షీటు మీ బీరువల ఉంటది. రేపు ఇంకో దవాఖానల అడిగితె ఆ పిల్ల ఏం చెప్తది?"

ఫోన్ పెట్టేసి కిందికి పరుగెత్తాను. రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంచిన ఆ అమ్మాయి అప్పుడే హాస్టల్‌కు వెళ్లడానికి ఆటో ఎక్కుతోంది. ఆపి, ఒక అట్టముక్క మీద ఆ మందు పేరు తెలుగులో, ఇంగ్లిషులో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. పెన్సిలిన్ జాతి మందు ఏదీ తీసుకోవద్దని దాని కిందే రాశాను. చదివి వినిపించమన్నాను. చదివింది. అట్టముక్క చూడకుండా చెప్పమన్నాను. చెప్పింది.

సిస్టర్ పోయి రెండేళ్లయింది. నా కోటు జేబులో ఎప్పుడూ నాలుగు ఖాళీ కార్డులుంటాయి. ఏ మందైనా పడలేదని తెలిసిన మనిషిని, ఆ మందు పేరు తన నోటితో తాను నాకు చెప్పేదాకా, ఇంటికి పంపను.